పద్మ తెచ్చిన జంట

బుధవారం ఉదయం మనవరాలు తన్విని స్కూలుకి పంపించి, కాఫీ గ్లాసుతో ముందుగదిలోకి వచ్చిన రాఘవులుకి చేపల తొట్టి కింద, కార్పెట్ మీద, ఏదో నారింజ తొక్క పడి ఉన్నట్టు కనిపించింది. వంగి చూస్తే చేప. ఎండి గట్టిపడిపోయింది. చేతిలోకి తీసుకుంటే కార్పెట్ నూగు కూడా అంటుకుని వచ్చింది.

ఆయన మెల్లగా తలెత్తి చూశాడు. తొట్టి మీద కప్పాల్సిన వల మూత గోడకి ఆనించి ఉంది. నిన్న సాయంత్రం మేత వేస్తూ అక్కడ పెట్టింది తనే. ఇంతలో ఫోన్ వచ్చిందని మనవరాలు పిలిచింది. వెళ్ళాడు. మళ్ళీ కప్పలేదు.

అది సముద్రపు నీళ్ళ తొట్టి. ఆరడుగుల పొడవు, లోపల రాళ్ళు, వాటి మీద పగడాలు, వాటి మధ్య తిరిగే చేపలు. అన్నిట్లోకీ రాఘవులు ముందుగా చూసేది తెల్ల పట్టీల నారింజ జంటని. ఇక్కడ అమెరికాలో వాటిని క్లౌన్ ఫిష్ అంటారు. ఫ్రీమాంట్‌లో ఇల్లు కొన్న ఏడాది ఆయన కూతురు పద్మ ఆ జంటని తెచ్చుకుంది. ఆ రోజు రావులపాలేనికి ఫోన్ చేసి, "నాన్నా, పెద్దది ఎటెళ్తే చిన్నది అటే, నువ్వు చూడాలి" అని అరగంట చెప్పింది. ఆయన చూసే సరికి పద్మ లేదు. ఆఫీసులో కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. రెండు రోజులు ఆస్పత్రిలో ఉంది. ముప్ఫై రెండేళ్ళ పిల్ల. రాఘవులుకి వీసా దొరకలేదు. దొరికేనాటికి చూడటానికి ఏమీ మిగల్లేదు.

మరుసటి ఏడాది వచ్చినప్పుడు అల్లుడు మోహన్ ఆయన్ని ఈ తొట్టి ముందు నిలబెట్టి, "పద్మ తెచ్చినవి" అన్నాడు. అంతే. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య ఆ పేరు రాలేదు. మోహన్ మర్యాదకి లోటు చెయ్యడు. బీపీ మాత్రలు వేసుకున్నారా అంటాడు, చలేస్తోందా అంటాడు. రాఘవులు కూడా "అల్లుడుగారూ, మీరు" అనే మాట్లాడతాడు. ఇది రెండోసారి రావడం. రోజూ పొద్దున్న కుర్చీ లాక్కుని ఆ జంట ముందు ఒక గంట కూర్చుంటాడు. ఎవరూ లేరు కదా అని నాలుగు మాటలు కూడా చెప్తాడు. కూతురు లేని ఇంట్లో తనకంటూ ఉన్న చోటు అదొక్కటేనని ఆయనకి లోపల్లోపల అనిపిస్తూ ఉండేది.

ఇప్పుడు ఆ జంటలో ఒకటి తన చేతిలో ఉంది. మోహన్ ఆఫీసు పని మీద ఆస్టిన్ వెళ్ళాడు. శుక్రవారం సాయంత్రం వస్తాడు.

రాఘవులు చేపని టిష్యూ కాగితంలో చుట్టి, మందుల డబ్బీలో పెట్టి, స్వెట్టర్ వేసుకున్నాడు. ఆర్టీసీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసినవాడు, అందులో సగం బస్టాండ్‌లో కంట్రోలర్‌గా. ఏ ఊళ్ళో బస్సైనా ఆయనకి భయం లేదు. రెండు బస్సులు మారి, మోహన్ ఒకసారి తీసుకెళ్ళిన చేపల షాపుకి పదకొండున్నరకి చేరాడు.

కౌంటర్ దగ్గర నలభై అయిదేళ్ళ ఆవిడ, చేతులు మోచేతుల దాకా తడిగా, ఆయన వచ్చీరాని ఇంగ్లీషు రెండు ముక్కలు విని, "తెలుగే మాట్లాడండి అంకుల్, నాది హన్మకొండ" అంది. పేరు శశికళ. జువాలజీ ఎమ్మెస్సీ చేసి, ఇక్కడ వారానికి నాలుగు రోజులు పనిచేస్తోందట.

ఆయన డబ్బీ తెరిచి చూపించాడు. "అచ్చం ఇట్లాంటిదే కావాలమ్మా. ఇంతే ఉండాలి."

"ఎగిరి బయట పడ్డదా?"

"మూత వెయ్యడం మర్చిపోయాను."

ఓదార్పు మాటలేవీ అనలేదామె. "జతది ఉందా? దీనికన్నా పెద్దదా?"

"రెండింతలు ఉంటుంది."

"అయితే పోయింది మగది. ఉన్నది ఆడది. తొట్లె ఇంకా ఎవరెవరున్నరు?"

రాఘవులుకి పేర్లు తెలియవు. అరచెయ్యి చూపించి, ఇంత పసుపుపచ్చది ఉందన్నాడు. రోజంతా రాళ్ళ మీద పాచి గీరుకు తింటుంది, అద్దంలో తన నీడని చూసి తోకతో కొడుతుంది. ఆకుపచ్చ నీలంలో మెరిసేవి అయిదు, ఎప్పుడూ గుంపుగానే. సన్నంగా ఆరు చారలది ఒకటి, పొద్దు వాలగానే రాళ్ళ సందులో దూరి జిగురు పొర కప్పుకుని పడుకుంటుంది. కొత్తగా ఏది వచ్చినా దాని వెంట పడేది అదే. ఆమె ఒక్కొక్కదానికీ తల ఊపింది. "తొట్టి ఓనర్లు కూడా నాకు ఇంత చెప్పరు అంకుల్" అంది.

ఆయన్ని వెనక వరసలోకి తీసుకెళ్ళి రెండు తొట్లు చూపించింది. ఒకదాంట్లో డబ్బీలో ఉన్నంత చేపే, అవే పట్టీలు. రెండోదాంట్లో బొటనవేలి గోరంత పిల్ల.

"మీరడిగింది ఇదే. తీసుకపోతే మీ అల్లుడు గుర్తుపట్టకపోవచ్చు. కానీ మీ ఆడది దీన్ని వారం బతకనియ్యది. వీటిల్ల పుట్టుకతోని ఆడది ఉండది. అన్నిట్ల పెద్దది ఆడదైతది, దాని తర్వాతది మగదైతది. దీనికి తానే పెద్దననుకునే ఈడు వచ్చేసింది. ఇది తగ్గది, అది ఊకోది."

"మరి ఆ పిల్ల?"

"అది ఇంకా ఏమీ కాలే. పెద్దది మీదికొస్తే పక్కకి ఒరిగి ఒళ్ళంతా వణికిస్తది. నువ్వే పెద్దదానివని ఒప్పుకున్నట్టు. అట్ల వణికితే దాన్ని ఏమీ అనది."

"వణక్కపోతే?"

"తిరిగి నా దగ్గరికి తీసుకరండి."

రాఘవులు ఆ గోరంత చేప వంక చూశాడు. "ఇది చూస్తే తెలిసిపోతుంది కదమ్మా."

"తెలుస్తది. మీరు చెప్పాల్సొస్తది."

"ఆ జంటని మా అమ్మాయి తెచ్చిందమ్మా. ఇప్పుడు లేదు."

శశికళ చేతులు తుడుచుకుంటున్న గుడ్డ భుజాన వేసుకుంది. "రెండిట్ల ఏది కావాలన్నా ఇస్త అంకుల్. మీ ఇష్టం" అని, ఆయన్ని అక్కడ వదిలి ముందుకి వెళ్ళిపోయింది.

ఆయన చాలాసేపు ఆ రెండు తొట్ల మధ్యే నిలబడ్డాడు. పెద్దదాన్ని తీసుకెళ్తే శుక్రవారం గడుస్తుంది. ఆ తర్వాత దాన్ని ఏ రాతి పక్కనో ముక్కలై ఉండగా చూడాలి. తన మతిమరుపుకి ఒకటి చచ్చింది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఇంకొకదాన్ని చావుకి పంపడానికి ఆయనకి చేతులు రాలేదు.

"చిన్నదే ఇవ్వమ్మా" అన్నాడు ముందుకి వచ్చి.

ఆమె చెప్పినట్టే చేశాడు. ఇంటికి రాగానే సంచిని తొట్టి నీళ్ళ మీద తేలనిచ్చి, వాచీ చూసుకుంటూ పది నిమిషాలకొక చిన్న కప్పు తొట్టి నీళ్ళు అందులో పోశాడు. గంటన్నర తర్వాత పిల్లని ఆమె ఇచ్చిన చిల్లుల డబ్బాలోకి మార్చి, ఆ డబ్బాని తొట్టి లోపల ఒక మూలకి తగిలించాడు. నాలుగు రోజులు ఒకదాన్నొకటి చూసుకోవాలి, కొట్టుకోకూడదు. పెద్దది వెంటనే వచ్చింది. ముక్కుతో డబ్బాని పొడిచింది. మళ్ళీ మళ్ళీ పొడిచింది. పిల్ల అడుగుకి అంటుకుపోయింది.

మూడింటికి తన్వి వచ్చింది. తొమ్మిదేళ్ళది. బ్యాగ్ కూడా తియ్యకుండా తొట్టి దగ్గరికి పోయి, "తాతా, ఇది ఎవరు? ద అదర్ వన్ ఏది?" అంది.

దాని ముఖం చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాడు. చెప్పాడు. తన్వి గోల చెయ్యలేదు. డబ్బీలో ఉన్నదాన్ని అడిగి చూసింది. "అది అమ్మ ఫిష్ కదా తాతా" అంది.

"నాన్నకి నేనే చెప్తానమ్మా."

ఆ సాయంత్రం మోహన్ ఫోన్ చేశాడు. "అంతా ఓకేనా మామయ్యగారూ?"

"ఆయ్, అంతా బాగానే ఉందండి."

ఎదురుగా హోమ్‌వర్క్ చేసుకుంటున్న తన్వి తల ఎత్తలేదు. గురువారం కూడా అదే ప్రశ్న, అదే జవాబు.

శుక్రవారం అయిదున్నరకి మోహన్ వచ్చాడు. పక్కింటి రేణు పిల్లలతో ఆడుకోవడానికి తన్వి వెళ్ళింది. భుజం మీద లాప్‌టాప్ బ్యాగ్ దించకుండానే అతని చూపు తొట్టి మీద, మూలనున్న డబ్బా మీద పడింది. రాఘవులు లేచి నిలబడి ఉన్నాడు.

"నా వల్లే అల్లుడుగారూ. మూత వెయ్యడం మర్చిపోయాను. ఫోన్లో చెప్పలేకపోయాను. అమ్మాయి తెచ్చినదాన్ని నేను..."

మోహన్ సోఫాలో కూర్చున్నాడు.

"అది పద్మ తెచ్చింది కాదు మామయ్యగారూ."

రాఘవులుకి మొదట అర్థం కాలేదు.

"పద్మ పోయాక తన్విని మా అక్క డాలస్ తీసుకెళ్ళింది. నేనీ గదిలోకే రాలేదు. ఎప్పుడు ఆగిందో పంప్ ఆగిపోయింది. వాసన వస్తే చూశాను. అన్నీ పోయాయి. ఆ వారంలోనే మీరు ఫోన్ చేశారు. ఏడవలేదు మీరు. ఆ చేపలు బాగున్నాయా అని అడిగారు. నేను... బాగున్నాయన్నాను." మోహన్ ముఖం తుడుచుకున్నాడు. "మీరు వచ్చేలోగా మళ్ళీ అంతా పెట్టాను. మొదట ఒకే సైజువి రెండు తెచ్చాను, నాకేం తెలుసు. ఒకదాన్నొకటి చంపుకున్నంత పని చేశాయి. వాటిని తిరిగిచ్చేసి వేరే జత తెచ్చాను. తన్వికి కూడా తెలీదు."



"రెండేళ్ళు," అన్నాడు రాఘవులు. "రెండేళ్ళు నన్ను ఆ కుర్చీలో కూచోబెట్టి చూస్తూ ఊరుకున్నావా నువ్వు? నేను మాట్లాడుతుంటే విన్నావు కదా? పిచ్చివాణ్ణి చేశావు నన్ను."

అల్లుణ్ణి నువ్వనడం ఆయనకదే మొదలు. ఆ సంగతి కూడా తోచకుండా తలుపు తీసుకుని బయటికి నడిచాడు.

మార్చి నెల, ఇంకా బాగానే వెలుగుంది. లేక్ ఎలిజబెత్ చుట్టూ ఉన్న బాట మీద సగం దూరం నడిచాక బెంచీ మీద కూలబడ్డాడు. అబద్ధం చెప్పినందుకు కాదు కోపం. అబద్ధమైతే తనూ మొన్న, నిన్న చెప్పాడు. పద్మ చేత్తో మేత తిన్న ప్రాణి ఒక్కటైనా ఈ భూమ్మీద ఉందనుకున్నాడు ఇన్నాళ్ళూ. అది లేదు. ఎప్పుడో పోయింది. కూతురు పోయినప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. దాన్ని ఆపుకోవాలని ఆయన చూడలేదు. బాట మీద పరుగెత్తుతున్న వాళ్ళు ఒకరిద్దరు ఆగి, మళ్ళీ కదిలారు.

కొంతసేపటికి మోహన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతిలో ఆయన స్వెట్టర్.

"ఆ రోజు పొద్దున్న ఏం తింది?" అన్నాడు రాఘవులు.

మోహన్ తిరిగి చూశాడు. ఆ మాట అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"ఉప్మా. నేనే చేశాను. ఉప్పెక్కువైందని సగం వదిలేసింది."

"తలనొప్పి అందా?"

"ముందురోజు అంది. మాత్ర వేసుకుంది. నేను పట్టించుకోలేదు మామయ్యగారూ."

"ఆస్పత్రిలో... చేతులు వెచ్చగా ఉన్నాయా?"

"వెచ్చగానే ఉన్నాయి. చివరిదాకా. నేను వదల్లేదు."

రాఘవులు తల ఊపాడు. స్వెట్టర్ తీసుకుని వేసుకున్నాడు. ఇంకా అడిగాడు. ఏ బట్టలు కట్టుకుంది, తన్విని చివరిసారి ఏమంది, ఎవరెవరు వచ్చారు. మోహన్ ఒక్కటీ దాచకుండా చెప్పాడు. వాళ్ళు లేచేసరికి నీళ్ళ మీద బాతులు ఒడ్డుకి చేరుకుంటున్నాయి.

ఆదివారం పొద్దున్న తన్వికి ఇద్దరూ కలిసి చెప్పారు. చెప్పాలని పట్టుబట్టింది రాఘవులే. మోహన్ రెండు వాక్యాలు చెప్పి ఆగిపోతే ఆయన అందుకున్నాడు.

"సో, అమ్మ కొన్నది ఏది?" అంది తన్వి.

"ఏదీ కాదమ్మా."

పిల్ల ముఖం ఎర్రబడింది. "యూ లైడ్ టు మీ" అని తండ్రితో అని, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మధ్యాహ్నం భోజనానికి కూడా రాలేదు. మోహన్ రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. నాలుగింటికి రాఘవులు ఆ తలుపు కొట్టి, "డబ్బా తీసే టైమైంది, పట్టుకునేవాళ్ళు కావాలి" అన్నాడు. కాసేపటికి తన్వి బయటికి వచ్చింది.

తొట్టి దీపాలు తగ్గించి, తన్వి డబ్బాని వంచింది. పిల్లచేప ఒక క్షణం అక్కడే ఆడి, బయటికి జారింది. రాతి చాటు నుంచి పెద్దది బాణంలా వచ్చింది. ఒక్క దెబ్బ, తోక అంచు చిరిగింది. పిల్ల అద్దానికి కొట్టుకుని కిందికి పోయింది. పెద్దది మళ్ళీ మీదికి వచ్చింది. మోహన్ వలబుట్ట అందుకున్నాడు.

"ఆగు" అన్నాడు రాఘవులు.

పిల్ల పక్కకి ఒరిగింది. తల నుంచి తోక దాకా వణకసాగింది.

"తాతా, చేస్తోంది! ఇట్స్ డూయింగ్ ఇట్!" తన్వి తెలియకుండానే తండ్రి చెయ్యి పట్టుకుంది.

పెద్దది దాని చుట్టూ ఒక చుట్టు తిరిగింది. ఇంకొక చుట్టు తిరిగి, వెనక్కి తన రాతి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆరు చారలది ఒకసారి వచ్చి వాసన చూసిపోయింది. పిల్ల చాలాసేపు మూలనే ఉంది. అది బతుకుతుందని ఎవరూ అనలేదు గాని, ముగ్గురూ చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నారు.

రెండు వారాలకి పిల్ల పెద్దదానికి జానెడు దూరంలో తిరగసాగింది. అప్పుడప్పుడూ దెబ్బలు తింటూనే ఉంది. రాఘవులు తిరుగు టికెట్ ఏప్రిల్ ఇరవైకి. ఒక శనివారం ఉదయం టిఫిన్ దగ్గర మోహన్ వీసా పొడిగింపు కాగితాలు బల్ల మీద పెట్టి, వాటిని సర్దుతూనే ఉన్నాడు.

"ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చెయ్యచ్చు మామయ్యగారూ. పోయినసారే అడగాల్సింది. మీకు ఇక్కడ ఇబ్బందేమో అని..." ఆగాడు. "ఉంటారా?"

రాఘవులు ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు.

"పిల్లకి సెలవులెప్పుడిస్తారు?"

"జూన్ మధ్యలో."

"అయితే ఉంటాను" అన్నాడు ఆయన. "ఎక్కడ సంతకం పెట్టాలో చూపించు."