గోడ దాటిన జోరీగ

అణువులో ఇమిడి, ఆకాశమంతా నిండి, నోరులేని పశువుకు తోకను, చిటికెడు లేని పురుగుకు రెక్కను ప్రసాదించిన పరమాత్మకు నమస్కరించి ఈ కథ చెబుతున్నాను.

పాలమ్మి బతికే తోడికోడళ్ళిద్దరు. వాటాలు పంచుకున్ననాడే కొట్టం మధ్య గోడ లేచింది. అంతటితో ఆగక, ఎదుటివారికి కంపు కొట్టాలని పేడనూ తడిసిన గడ్డినీ ఎవరికి వారు ఆ గోడ మొదట్లోనే పోయసాగారు. చదువరులారా, పంతం ఎంత శ్రద్ధగా పనిచేస్తుందో చూడండి!

ఇంతలో పెద్దకోడలి ఆవుకు జ్వరం తగిలి ఒళ్ళంతా గడ్డలు లేచాయి. ముద్దచర్మ వ్యాధి అని తేలింది. చిన్నకోడలికి ఉన్నది ఒకే ఒక్క ఆవు. అదీ నిండుచూలుతో ఉంది.

"నీ ఆవు గాలి కూడా నా ఆవుకు సోకకూడదక్కా. గోడ ఇంకా లేపిస్తా."

"లేపించు తల్లీ, ఆకాశానికి మూత కూడా వేయించు," అంది పెద్దకోడలు, కళ్ళు తుడుచుకుంటూనే.

చిన్నకోడలి ఆవుకు టీకా వేస్తున్న పశువైద్యుడు ఆ మాటలు విన్నాడు. ఆవు కాలిపై వాలిన ఈగను ఒడుపుగా సీసాలో పట్టి, భూతద్దంతో సహా ఆమె చేతికిచ్చాడు. ఆమె అద్దానికి కన్ను ఆనించి చూసింది. ఇంట్లో తిరిగే ఈగలాగే ఉంది; కానీ తల కిందినుంచి నల్లని సూది ముందుకు పొడుచుకుని ఉంది.

"అమ్మో! ఇంత సన్నపు పని ఏ కంసాలి చేయగలడు?"

"ఇది జోరీగమ్మా. జబ్బు ఆవు తోక విసిరితే సగం తాగి లేస్తుంది. మిగతా సగం పక్క ఆవు దగ్గర తాగుతుంది. మూతికంటిన నెత్తురుతో వైరస్ కూడా వెళ్తుంది. మీ వాటాలు దానికేం తెలుసు?"

"మరి ఇది పుట్టేదెక్కడ?"

వైద్యుడు గోడ మొదట్లోని కుప్పను కర్రతో కదిపాడు. తడిగడ్డి కింద తెల్లని పురుగులు లుకలుకలాడాయి. గోడకు అవతలి కుప్పా అంతే. తోడికోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

"టీకా ఒంటబట్టడానికి వారాలు పడుతుంది. అందాకా ఈగను ఆపవలసింది మీరే," అన్నాడు వైద్యుడు.

పెద్దకోడలు పార అందుకుంది. "ఒసే, తట్ట పట్టు. ఇందులో కంపు నీదెంతో నాదెంతో తరవాత తేల్చుకుందాం."

"తేల్చేదేముందక్కా, నీదే ఎక్కువ!" అంటూ చిన్నకోడలు కొంగు బిగించింది.

కుప్పలు రెండూ దూరానికి మోసి ఎండలో పలచగా పరిచారు. నేల ఆరింది. జబ్బు ఆవును దూరంగా కట్టి చుట్టూ దోమతెర దించారు. అది నెమ్మదిగా మేత ముట్టింది.

చిన్నకోడలి ఆవు ఈనిననాడు ఆమె మొదట పిలిచింది అక్కనే. పెద్దకోడలు చేతులు కడుక్కుని వచ్చి, మచ్చలేని ఆ లేగ వెన్ను తడిమి, దాని మూతిని తల్లి పొదుగుకు అందించింది.

పొరుగు పశువు పదిలంగా ఉంటేనే మన పశువు పదిలం. ఇంత గొప్ప ధర్మాన్ని ఆ పరమాత్మ ఒక ఈగ రెక్కమీద పంపాడు. ఈ కథ విన్నవారందరి కొట్టాలు పొడిగా, పొదుగులు నిండుగా, మనసులు నిర్మలంగా ఉండుగాక!