భూదేవి రంగు

పేరుకే బ్రహ్మచారి. భార్య భూదేవి, కాలేజీకి వెళ్లే కూతురు సంతోషి, డిండోలి బస్తీలో రెండు గదుల ఇల్లు, ఇల్లంతా చీరల డిజైన్లు. ప్రింటింగ్ మిల్లుకు పూలూ లతలూ గీసిపెట్టే ఆ మనిషి కామెర్లు ముదిరి చనిపోయి మూడు నెలలైంది. ఆ సంగతి అతని కంప్యూటర్‌కి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆన్ చేసినప్పుడల్లా "బ్రహ్మచారీ, మీ గడువు ముగిసింది" అని ఇంగ్లీషులో ఒక పెట్టె తెరమీదికి వచ్చేది. డిజైన్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు గడువు అది.

ఆ గడువు గొడవ వదిలించడానికి రాజమౌళి వచ్చాడు. పదేళ్లు మగ్గాల మీద పనిచేసి, ఆ తర్వాత కంప్యూటర్ల రిపేరు నేర్చినవాడు. బ్రహ్మచారికి జిగ్రీ దోస్తు. ఇంట్లోకి అతనికంటే ముందు అతని నోరు వస్తుంది.

"సాఫ్ట్‌వేర్ తీసుడంటే సాఫ్ట్‌గ తీసుడు గాదు చెల్లె, సాఫ్‌గ తీసుడు!"

భూదేవి నవ్వలేదు. "తియ్యి అన్నా. గానీ ఒక్కటి. దాంట్ల నా పేరు మీద ఒక రంగు చేసిండట. దవాఖానల చెప్పిండు, ఇంటికొచ్చినంక సూపిస్త అని. ఇప్పుడది తాళం వడ్డది, తెరుస్తలేదు. జర ఆ రంగు నాకు సూపియ్యి."

"గంతేనా? డిజైన్లన్నీ పెన్‌డ్రైవ్‌ల ఏసుకుంట, వేరేదాంట్ల తెరుస్త. నీ రంగు యాడికి పోతది? రంగనాథుని మీద ఒట్టు!"

డిజైన్లు భద్రం చేశాడు. సాఫ్ట్‌వేర్ తీసేశాడు. అయినా పెట్టె మళ్లీ వచ్చింది. అద్దెకున్నవాళ్లు ఇల్లు ఖాళీ చేసినా గోడకు మేకులు మిగిలినట్టు, తీసేసిన సాఫ్ట్‌వేర్ గుర్తులు సిస్టమ్ సెట్టింగుల్లో మిగిలే ఉంటాయి. రాజమౌళి ఆ సెట్టింగులన్నీ ఉండే రిజిస్ట్రీలోకి దిగాడు. భూముల రిజిస్ట్రీ కాదు. ఇక్కడ సాక్షులక్కర్లేదు, సంతకాలక్కర్లేదు, ఒక్క వేలు చాలు. బ్రహ్మచారి అని కొట్టి వెతికించాడు. ఆ పేరున్న వరుసలు పుట్టలోంచి చీమల్లా వచ్చాయి.

మామూలుగా అయితే ముందు నకలు తీసి పెట్టుకుంటాడు. దోస్తు పేరు అన్నిసార్లు కళ్లబడుతుంటే కూర్చోలేకపోయాడు. తొందరగా ముగించాలనుకుని, వచ్చిన వరుసనల్లా డిలీట్ నొక్కుతూ పోయాడు. చివరిదాంట్లో ఇంకేదో పేరు, పక్కన మూడు సంఖ్యలున్నాయి. కన్ను మొదటి సంఖ్య దాటేలోపే వేలు పని కానిచ్చేసింది.

మళ్లీ ఆన్ చేశాడు. పెట్టె రాలేదు.

"ఎట్లుంది మౌళి మ్యాజిక్!" అంటూ కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఒక డిజైన్ తెరిచాడు. పూలున్నాయి, లతలున్నాయి, అంచు మీద నెమళ్లున్నాయి. అన్నీ బూడిద రంగులో. ఇంకొకటి తెరిచాడు. అదీ అంతే.

"మామా," అంది సంతోషి నెమ్మదిగా, "నాన్న డిజైన్ల రంగు పెట్టకపోతుండె. మిల్లుల చోరీ అయితదని. రంగులన్నీ తన పేరు మీద సెట్టింగ్‌లనే దాచిపెడుతుండె."

రాజమౌళి మళ్లీ సెట్టింగుల్లోకి వెళ్లి వెతికాడు. పోయినవాటిని వెనక్కి తెచ్చే దారి ఒకటుండేది. కంప్యూటర్ వేగంగా నడవాలని కిందటేడు దాన్ని ఆపేసింది తనే.

అబద్ధం చెప్పొచ్చు. ఏదో ఒక రంగు చూపించి ఇదే అనొచ్చు. భూదేవి నమ్ముతుంది కూడా. కుర్చీలోంచి లేచి ఆమె ముందు నిలబడ్డాడు.

"నేనే తుడిచేసిన, చెల్లె. నీ రంగు... నా చేతుల్తోనే."

భూదేవి తెరమీది బూడిద నెమలిని వేలితో తాకింది.

"నువ్వు సూసినవా?"

"రంగు కనవడలే. ఆఖరి వరుసల నీ పేరు, పక్కన నంబర్లే కనవడ్డయ్. మూడు. మొదటిది యాదికున్నది, నూట ఎనభై మూడు. కంప్యూటర్ల ఏ రంగైనా మూడు రంగుల కలయికనే, అది ఎరుపు పాలు. మిగతా రెండు, ఆకుపచ్చ, నీలం... యాదికి లేవు."

"ఐతే ఎరుపుంది దాంట్ల," అందామె.

సంతోషి కుర్చీలో కూర్చుంది. ఎరుపు నూట ఎనభై మూడు దగ్గర పెట్టి, మిగతా రెండిటినీ కొంచెం కొంచెంగా జరపడం మొదలుపెట్టింది. తెర ఇటుక రంగైంది, దానిమ్మ గింజైంది, పండిన మామిడైంది, తర్వాత గులాబీ.

"ఇది కావచ్చు," అంది భూదేవి.

సంతోషి ఆగింది.

"ఆపకు బిడ్డా. జరుపు."

వంగపువ్వు రంగు వచ్చింది. "ఇది గూడ కావచ్చు," అంది భూదేవి, తెరకు ఇంకొంచెం దగ్గరగా జరుగుతూ.