మోకాళ్ళ మార్కులు

ఆమె చదువుకునే రోజుల్లో ఫలితాలు వచ్చిన ప్రతిసారీ నాన్న అడిగేది ఒక్కటే, "ఎన్నొచ్చాయి?" అని. ఇప్పుడామె ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్. ఈసారి పరీక్ష నాన్నకి.

నాన్న టైల్స్ మేస్త్రీ. ముప్పయ్యేళ్ళు మోకాళ్ళ మీద పాకుతూ ఊరందరి ఇళ్ళకీ నేల పరిచాడు. ఇప్పుడు స్నానాల గదికి వెళ్ళాలన్నా గోడ పట్టుకోవాలి. మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందన్నారు. ఆమె ఆసుపత్రిలోనే దానికో కొత్త మందు పరీక్షిస్తున్నారు. అరిగిన గుజ్జు తాలూకు తునకలు మూత్రంలో ఎంత ఉన్నాయో కొలిచి, ఎక్కువున్న ఇరవై మందికే ఆ మందిస్తారు. ఆ తునకల్నే మార్కర్ అంటారు. ఎక్కువుంటేనే తీసుకుంటారన్న సంగతి బయట చెప్పకూడదని ల్యాబు నియమం. నియమమంటే ఆమెకి ప్రాణం, ఇంట్లో కూడా నోరు మెదపలేదు.

"పొద్దున్నే సీసాలో పట్టివ్వు నాన్నా, మార్కర్ చూస్తారు" అని మాత్రం చెప్పింది.

నాన్న సీసా నంబరు నలభై ఏడు. అందరిలోకీ దానికే తక్కువ వచ్చింది. నమ్మలేక మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. కుర్రవాడి మోకాళ్ళకి రావలసిన అంకె అది. సాయంత్రానికి ఇరవై మంది జాబితా వెళ్ళిపోయింది. అందులో నాన్న లేడు.

ఇంటికొచ్చేసరికి నాన్న మంచం మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు.

"నా మార్కులెన్నమ్మా?"

"మార్కులేంటి నాన్నా?"

"నువ్వేగా అన్నావు, మార్కులు చూస్తారని."

ఆమెకి నిన్నటిదాకా అర్థంకాని ఆ కుర్రవాడి అంకె గుర్తొచ్చింది. "ఆ సీసాలో ఉన్నది నీదేనా?"

అప్పటిదాకా పక్కనే ఉన్న ఆమె భర్త మెల్లగా వంటగదిలోకి జారుకున్నాడు.

"అల్లుడిది," అన్నాడు నాన్న. "వద్దు మావయ్యా అని మొత్తుకున్నాడు పాపం, నేనే బతిమాలాను. నావి డొక్కు మోకాళ్ళు తల్లీ. నువ్వు పనిచేసే చోట, నీ చేతుల్లోనే నేను ఫెయిలైతే నీకు తలవంపులు కదా."

ఆమెకి కోపం రాలేదు, వస్తే బాగుండేది. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. నియమం, నియమమని నోటికి తాళం వేసుకుంది. జాబితా సంగతి ఆ పూట చెప్పలేకపోయింది.

మర్నాడు నాన్నదే శాంపిల్ పట్టుకెళ్ళి, ఆమె ల్యాబు పెద్దావిడకి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆవిడ ఆ సీసాని పక్కకి జరిపింది.

"వేరేవాళ్ళది ఇచ్చాక ఆయన్ని ఇక చేర్చుకోలేమమ్మా. కావాలంటే ఇది చేసి చూసుకో. లెక్కలోకి మాత్రం రాదు."

చేసింది. ఆ ఇరవై మందిలో ఎవరికీ రానంత అంకె వచ్చింది. 

సాయంత్రం తలుపు తీసింది నాన్నే. గోడ పట్టుకుని అంత దూరం నడిచొచ్చాడు.

"ఈసారి ఇచ్చింది నాదే కదా. ఎన్నొచ్చాయి?"

"ఫస్టొచ్చావు నాన్నా."

నాన్న ముఖం వెలిగిపోయింది. "చూశావా, అల్లుణ్ణి అనవసరంగా ఇబ్బంది పెట్టాను. మరి మందు ఎప్పటినుంచి ఇస్తారట?"

ఆమె చెప్పులైనా విప్పకుండా, నాన్న తన చేత్తో పరిచిన ఆ నేల మీదే కూలబడి ఏడ్చింది.