గుమ్మం దగ్గరి పరీక్ష

ఆ బట్టల కొట్లో ఎవరు గుడ్డ ఎంచుకున్నా ముందు గుమ్మం దాకా మోసుకుపోయేవారు. లోపలి ట్యూబులైట్ల కింద ముదురు నీలం కూడా నలుపులాగే కనిపించేది. ఎండలోకి తెస్తే గాని అసలు రంగు బయటపడేది కాదు. అందుకని కొట్టాయన గుమ్మం పక్కన మంచమంత జాగా ఏళ్ల తరబడి ఖాళీగా వదిలేశాడు.

ఇప్పుడు ఆ కొట్టుకు కొత్త ఎల్‌ఈడీ లైట్లు బిగించింది బావా బావమరుదులు. వెనక వీధిలో వాళ్లకో చిన్న కార్ఖానా ఉంది. లైటు కూర్చునే రేకు పెట్టె బావ చేస్తాడు. దాని లోపల ఉండి, లైటుకు కరెంటు ఎంత కావాలో అంతే అందించే డ్రైవరు బావమరిది చేస్తాడు. బావకు ఏ మాటైనా కాస్త ఆలస్యంగా తడుతుందని బావమరిది అతణ్ణి ట్యూబులైటు అంటాడు. వీధంతా ఆ పేరే పట్టుకుంది.

కొట్టాయన ఒకటే షరతు పెట్టాడు. "దర్జీ అక్క వస్తుంది. మీ లైట్ల కింద ఆవిడకి రంగు సరిగ్గా తెలిస్తే ఉంచుతా. లేదంటే సాయంత్రానికి విప్పుకుపోండి."

ఆవిడ ఏమంటుందా అని మిగతా కొట్లవాళ్లూ చెవులు రిక్కించుకుని ఉన్నారు. ఇక్కడ విప్పితే కార్ఖానాకు తాళమే.

దర్జీ అక్కను మెప్పించడమంటే మాటలు కాదు. ఒకసారి ఈ కొట్లోనే నలుపనుకుని నీలం గుడ్డ కొని, నల్ల ప్యాంటు మీదికి ఒక పెద్దమనిషికి కోటు కుట్టింది. ఆయన నలుగురిలో ఎండలో నిలబడేదాకా సంగతి ఎవరికీ తెలియలేదు. ఆనాటి నుంచి ఆవిడ ఏ దీపాన్నీ నమ్మదు.

ఆవిడ రానే వచ్చింది. బల్ల మీద రెండు తానులు పరిపించి, సంచిలోంచి నల్ల దారపుండ తీసింది. సరిగ్గా అప్పుడే లైట్లలో నడిమి వరస ఆరిపోయింది. కాసేపటికి వెలిగింది. మళ్లీ ఆరింది.

"ఏమయ్యా, ఈ వయసులో నాకు కన్ను కొడుతోందే మీ లైటు" అంది దర్జీ అక్క.

కొట్టాయన నవ్వలేదు. "నిచ్చెన అక్కడే ఉంది" అన్నాడు.

బావమరిది బావ వైపు తిరిగాడు. "నా డ్రైవరు మన కార్ఖానా బల్ల మీద రాత్రీ పగలూ వెలిగింది బావా. రెప్ప వెయ్యలేదు."

"బల్ల మీద వెలిగింది" అని ఆ మాటనే నెమరేస్తూ బావ నిచ్చెన ఎక్కాడు. పెట్టె మీద చెయ్యి వేసి చురుక్కుమంటే వెనక్కి లాక్కున్నాడు. పెనంలా కాలిపోతోంది. అప్పుడు తట్టింది. పాత ట్యూబు పెట్టెల్లోంచి చచ్చిన పురుగులు ఊడ్చి ఊడ్చి విసిగిపోయిన మనిషి అతను. కొత్తవాటిలోకి చీమ కూడా దూరకూడదని, గాలి కోసం తను కోసిన చీలికలకు తనే టేపు అంటించాడు. చూడ్డానికి నున్నగా ఉందని మురిసిపోయాడు కూడా. ఇప్పుడు లోపల వేడెక్కితే డ్రైవరు తనను తాను కాపాడుకోడానికి ఆరిపోతోంది, చల్లబడితే లేస్తోంది.

"నీ డ్రైవరుకి జబ్బేం లేదురా. నేనే దాని ముక్కు మూశాను."

"ఇప్పటికి వెలిగిందా, ట్యూబులైటూ?"

"వెలిగింది గాని, కబుర్లాపి మీట కట్టెయ్. ఇంకో నిచ్చెన పట్టుకురా."

ఇద్దరూ చెరో వైపు నుంచి టేపు ఊడబెరికారు. దర్జీ అక్క స్టూలు లాక్కుని కూర్చుంది. పెట్టెలు చల్లారాక మీట వేశారు. ఇందాక ఆరిన వేళ దాటింది. చాలాసేపు గడిచింది. నడిమి వరస చెక్కుచెదరలేదు.

ఆవిడ దారాన్ని రెండు తానుల మీదా ఆనించి చూసింది. "ఇది నీలం. అది నలుపు."

అయినా రెండూ చంకన పెట్టుకుని గుమ్మం దాకా నడిచింది. బావ నిచ్చెన మెట్టు మీంచే మెడ చాచి చూశాడు. ఆవిడ ఎండలో తిప్పి తిప్పి చూసి, తాపీగా వెనక్కి వచ్చింది.

"ఎండ కూడా అదే అంటోంది. నీలం చింపు, కోటుకి."

కొట్టాయన కత్తెర అందుకున్నాడు. ఆవిడ వెళ్లీ వెళ్లగానే గుమ్మం పక్క జాగాలో కొత్త బల్ల వేయించి, దాని నిండా తానులు పేర్పించాడు. "ఇన్నాళ్లూ ఈ చోటు దండగైపోయింది" అన్నాడు, లైట్ల వంక చూస్తూ.

ఎదురు చెప్పుల కొట్టాయన అప్పటికే వాకిట్లోకి వచ్చాడు. "ట్యూబులైటూ, నిచ్చెన ఇటు తీసుకురా. మా కొట్టూ చూద్దువుగాని."

చెరో కొస పట్టి నిచ్చెన మోసుకుంటూ బయల్దేరారు. వీధి మధ్యకు రాగానే బావ ఆగిపోయి, నిచ్చెన ఊగేలా పకపకా నవ్వాడు.

"ఏమైంది బావా?"

"కన్ను కొడుతోందందిరా ఆవిడ."