గడప సమితిదా, కాదా

మండలాఫీసు అని పేరు మార్చి ఎన్నేళ్ళయిందో గానీ, సుంకప్పకు అది ఇప్పటికీ సమితే. అందుకే ఎమ్మెస్సీ లెక్కలు చదివే కూతురు హేమలత సమితుల పాఠం గట్టిగా బట్టీ పడుతుంటే ఆయన చెవులు నిక్కబొడుచుకున్నాయి. అంచు మొత్తాన్నీ తనలో కలుపుకుంటే ఆ సమితి మూసినట్టట. అంచులో ఒక్క చుక్కను కూడా కలుపుకోకపోతే తెరిచినట్టట. సర్కారు కొత్త ఆర్డరు కాబోలు అనుకున్నాడు మహానుభావుడు. అంచంటే ఏందని అడిగితే, ఇంటికి గడప లాంటిదని ఆ పిల్ల పుస్తకంలోంచి తలెత్తకుండానే చెప్పింది.

ఆ రోజు సమితిలో కరువు మేత ఇస్తున్నారు. వానల్లేక బీళ్ళు మాడిపోయాయి. మేత దొరక్కపోతే తెల్లారి గొర్రెలన్నిటినీ సంతకు తోలాల్సిందే, చూలు గొర్రెతో సహా. దాన్నన్నా నిలుపుకోవాలని సుంకప్ప సమితికి బయల్దేరాడు.

బస్సు రాక నడిచి వెళ్ళేసరికి పొద్దు వాలింది. ఆఫీసు గడప మీద కాలు పెట్టాడో లేదో, ఐదు కొట్టింది. లోపల గుమాస్తా ప్రతాప్ ఒక్కడే ఉన్నాడు. ఐదింటికి లోపల ఉన్నవాళ్ళకే మేత, ఆఫీసు మూసినాం, పొమ్మన్నాడు. సుంకప్ప గడప మీదే చతికిలబడ్డాడు. లెయ్యమంటే లేవడే!

“ఏమప్పా, ఈ గడప సమితిదా, కాదా?”

“మాదే. లెయ్యి.”

“మీదయితే నేను లోపలే ఉండా. మేత ఇయ్యి.”

ప్రతాప్ నాలుక కరుచుకుని, గడప మాది కాదు, వీధిదన్నాడు.

“అట్లయితే సమితి తెరిచే ఉండాది. మా పాప పుస్తకంలో రాసినారు. మేత ఇయ్యి.”

ప్రతాప్‌కు బుర్ర తిరిగిపోయింది. సగం గడప మాది, సగం కాదని బేరానికి దిగాడు. అట్లా తెరిచిందీ మూసిందీ కాని సమితులు కూడా ఉంటాయని పాప చదివిందని సుంకప్ప పెద్దమనసుతో ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే పంచె సర్దుకుని లోపలి సగం మీదికి జరిగాడు. ఇంత తెలివి ఇన్నాళ్ళూ తనలో ఎక్కడ దాక్కుందో ఆయనకే అంతుపట్టలేదు.

చివరికి ప్రతాప్ తాళంచెవి తీసుకుని, వెనకున్న గోడౌను తెరిచాడు. లోపల గడ్డిపరక లేదు.

“పొద్దున్నే అయిపాయ అన్నా. లేదని చెప్పేకి మొగం చెల్లక, మూసినామంటాండా,” అన్నాడు తలొంచుకుని.

సుంకప్పకు తిట్టబుద్ధి కూడా కాలేదు. వాదం గెలిచిన మనిషాయె. నేల మీద మిగిలిన ఆకుపొడిని తువ్వాల్లోకి ఊడ్చుకోవడం మొదలుపెట్టాడు. ప్రతాప్ కూడా వంగి మూలల్లోది చేత్తో తీసి పోశాడు. అంతలో హేమలత ఫోను చేసి, ఆఫీసు తెరిచినారా నాయనా అని అడిగింది.

“తెరిచినారు పాపా,” అన్నాడు. తువ్వాలు మూట కట్టుకున్నాడు. “చూలు గొర్రెకు పిడికెడు తెస్తాండా. తక్కినవాటికి నీళ్ళన్నా కడుపునిండా పెట్టు. తెల్లారి సంతదాకా నడవాల కదా.”