కింద పెట్టకూడని కాలు

"ఆ మూల కూడా దులుపు, బూజు అలాగే ఉంది," అన్నాడు భర్త సోఫాలోంచి. ఆమె స్టూలు మీద మునివేళ్లపై లేచి ఆ మూల అందుకోబోయింది. స్టూలు ఒరిగింది. ఒంటి బరువంతా కుడి మడమ మీద పడింది.

ఎముకల డాక్టరమ్మ స్కాను చూసింది. మడమ ఎముకతో పాటు దాని మీద కూర్చునే చిన్న ఎముక కూడా విరిగిందట, రెండూ ఒకేసారి విరగడం అరుదట. "మామూలు కేసు కాదట!" అని భర్త చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు, పెళ్లానికి ఫస్టు ర్యాంకు వచ్చినంత సంబరంగా. వాపు తగ్గి చర్మం మీద ముడతలు కనపడితే గాని కత్తి పెట్టకూడదన్నారు. ఆమె రోజూ దుప్పటి తొలగించి పాదం చూసుకునేది. ముడతల కోసం ఎదురుచూసే ఆడది లోకంలో తనొక్కతే కాబోలు అనుకుని నవ్వుకుంది.

ఆపరేషన్ చేసి ప్లేటూ స్క్రూలూ బిగించారు. "మూడు నెలలు ఈ కాలు నేలకి ఆనకూడదమ్మా. పై ఎముకకి రక్తం బొటాబొటిగా అందుతుంది. బరువు పడిందంటే కథ మళ్లీ మొదటికొస్తుంది," అంది డాక్టరమ్మ.

పెళ్లయ్యాక ఆమె అన్నాళ్లు కూర్చున్నది అప్పుడే. పనిచేసే బట్టల కొట్లో కౌంటరు వెనక కుర్చీ ఉండదు, "నువ్వు కూర్చుంటే బేరం కూర్చుంటుంది," అంటాడు ఓనరు. ఇంట్లో మంచం దగ్గరికే కంచం వచ్చేది, వెనకే అత్తగారి గొంతూ వచ్చేది: "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి." "నీకేం, మహారాణివి," అనేవాడు భర్త. చేతులు బాగానే ఉన్నాయిగా అని తరగాల్సిన కూరలూ మడత పెట్టాల్సిన బట్టలూ ఒళ్లోకి చేరాయి. వాటికి ఆమె బాధపడలేదు. తిన్న కంచం కడగలేకపోతున్నందుకు సిగ్గుపడింది, పరాయి ఇంట్లో దొంగతనంగా తింటున్నట్టు.

ఒక సాయంత్రం పాలు పొంగిన వాసన వచ్చింది. అత్తగారు వంటింటి గుమ్మంలోనే ఉంది. భర్తా మామగారూ హాల్లో టీవీ ముందున్నారు. "పాలు! పాలు!" అని ముగ్గురూ ఆమె గదివైపు చూసి అరిచారు. ఆమె పరిగెత్తింది, రెండు కాళ్లతోనూ. స్టవ్ ఆర్పాక గాని తనకొక విరిగిన కాలుందని గుర్తు రాలేదు. ఎవరూ చెయ్యిపట్టి లాగలేదు, లెమ్మని బలవంతపెట్టలేదు, తనంతట తనే లేచింది. ఆ రాత్రి నొప్పి కన్నా ఆ సంగతే ఆమెని ఎక్కువ ఏడిపించింది.

మళ్లీ ఆసుపత్రిలో చేర్చి స్కాను తీస్తే స్క్రూ కదిలి ఉంది. రక్తం అందక పై ఎముక ఎండిపోతోంది. కీలు కోసి ఎముకల్ని అతికించేయాలనీ, ఇక మడమ అటూ ఇటూ తిరగదనీ, ఎగుడుదిగుడు నేల మీద నడక కష్టమనీ డాక్టరమ్మ చెప్పింది.

"చెప్తే వినదండీ, ఒకచోట కుదురుగా ఉండదు," అన్నాడు భర్త. "ఇంటికెప్పుడు పంపిస్తారు? అక్కడ పనంతా పేరుకుపోయింది."

డాక్టరమ్మ ఆమెవైపు తిరిగింది. అసలు కాలు కింద ఎందుకు పెట్టావని అడిగింది.

"పాలు పొంగాయి మేడమ్. అత్తయ్య పొయ్యి పక్కనే ఉన్నారు. ఈయనా మామయ్యా హాల్లో ఉన్నారు. అయినా నేనే లేచాను."

భర్త ఏదో అనబోయాడు. ఒంటరిగా ఒక్క గదిలో కాపురముంటున్న అక్కకి ఆమె ఆ పొద్దున్నే ఫోన్ చేసింది. ఆ మాట అతనికింకా తెలియదు.

"ఆపరేషన్ చెయ్యండి. తర్వాత నన్ను మా అక్క దగ్గరికి పంపండి," అందామె. "ఆ ఇంట్లో ఉంటే, ఎవరూ పిలవకపోయినా లేచి పరిగెత్తుతాను."