కీబోర్డు మీద కొడవలి

నేను ఒక కీబోర్డును. ఫ్యాక్టరీ నుంచి నేరుగా ఒక నెట్ సెంటర్‌లో పడ్డాను. అక్కడి కుర్రాళ్లు నా మీటలు నొక్కి తెర మీద మనుషులను చంపేవాళ్లు. అది మూతపడ్డాక పట్నంలోని ఆస్పత్రి రక్తనిధి వాళ్లు నన్ను కొన్నారు. అలా ఆపరేటర్ సులోచన వేళ్ల కిందికి వచ్చాను.

దాతల వివరాలన్నీ కంప్యూటర్‌లో ఒక పట్టికగా ఉంటాయి. సులోచన సెలెక్ట్ అని కొట్టి, కావలసినవి రాస్తుంది: పేరు, ఊరు, ఫోను. ఫ్రమ్ తర్వాత పట్టిక పేరు. వేర్ తర్వాత షరతు, అంటే ఏ గ్రూపు రక్తమో. ఎంటర్ కొడితే ఆ షరతుకు సరిపోయినవాళ్లే వస్తారు. షరతులు పెంచేకొద్దీ పేర్లు తగ్గుతాయి. అయినా మనుషులకు షరతులంటేనే ఇష్టం.

ఆ మధ్యాహ్నం దిగువపల్లె గంగన్నను మోసుకొచ్చారు. కాలువ నీళ్ల కోసం కొట్లాడి, ఎగువపల్లె వాళ్లు అతని పొట్టలో పొడిచారు. బి నెగెటివ్ రక్తం ఎక్కించకపోతే బతకడన్నారు డాక్టర్లు. నిల్వ లేదు. గంగన్న అన్న వీరభద్రుడు వేటకొడవలితో మా గదిలోకి వచ్చాడు.

"ఎగువపల్లోళ్ల నెత్తురు మావోనికొద్దు. మా ఊరోళ్లనే సూడు."

"ముందు ఎవరు దొరికితే వాళ్లను పిలుద్దాం అన్నా."

కొడవలి మొన ఆమె మెడకు ఆనింది. "రాయి."

గ్రూపు పక్కన 'అండ్' చేర్చి, ఊరు దిగువపల్లె అని రాసింది. ఎంటర్ కొట్టింది. ఒక్క పేరూ రాలేదు.

"దాస్తాండావా?" వీరభద్రుడు నన్ను వైరుతో సహా పీకి ఆమె నుదుటి మీద కొట్టాడు. మీటలు ఊడి గదంతా చెదిరాయి. రెండో దెబ్బకు నా నడుం విరిగింది. చెత్తడబ్బాలోకి విసిరాడు.

సులోచన కంట్లోకి కారుతున్న రక్తం తుడుచుకుంది. పక్క బల్ల మీది కీబోర్డు తగిలించి, ఊరి షరతు తీసేసింది. మూడు పేర్లు వచ్చాయి. ముగ్గురిదీ ఎగువపల్లే. వీరభద్రుణ్ణి అడగకుండానే ఫోన్ చేసింది.

వాళ్లలో పట్నంలోనే ఉన్న రంగస్వామి బండి మీద వచ్చాడు. గుమ్మంలో వీరభద్రుడు కొడవలి ఎత్తాడు.

"నరకతావా? నరుకు. చెయ్యి మాత్రం వదిలెయ్, సూది గుచ్చాల గదా," అన్నాడు రంగస్వామి, చొక్కా చెయ్యి మడుస్తూ.

లోపలి నుంచి నర్సు రక్తం కోసం కేక వేసింది. వీరభద్రుడు గుమ్మం వదిలాడు. కొడవలిని చెత్తడబ్బాలో, నా మీద పడేశాడు.